చెవికి గీటురాయి

బంగారం మేలిమిని తేల్చడానికి కంసాలి గీటురాయి మీద నగను ఒకసారి గీస్తాడు. ఆ రాయికే బంగారు వన్నె ఉన్నట్లయితే పరీక్షకు అర్థం లేదు. నల్లగా, నున్నగా, తన రంగును దేనికీ అంటించకుండా ఉండడమే దాని యోగ్యత. పాటను రికార్డు చేసేవారికి కూడా ఇట్టి గీటురాయి ఒకటి అవసరం. గాయకుని కంఠం, వీణ, మృదంగం వేరు వేరు మైకుల ద్వారా వచ్చి ఒకచోట కలిసేటప్పుడు ఏది ఎంత పాలు ఉండాలో నిర్ణయించేది ఇంజనీరు చెవి. ఆ చెవి ఎదుట ఉన్న స్పీకరు మంద్రధ్వనులను ఉన్నదానికన్న ఎక్కువ చేసి వినిపించిందనుకోండి. ఇంజనీరు వాటిని తగ్గిస్తాడు. పాట ప్రజల ఇండ్లకు చేరేసరికి మృదంగంలో జీవం ఉండదు. స్పీకరులోని దోషం తలక్రిందులై పాటలో చేరి అక్కడ శాశ్వతంగా నిలిచిపోయిందన్న మాట. ఒకసారి రికార్డు విడుదలైన తరువాత వేల ఇండ్లలోని ప్రతులను వెనక్కు పిలిచి దిద్దడం ఎవరి తరమూ కాదు.

ఇట్టి పరీక్ష కోసం వాడే స్పీకరును మానిటరు అంటారు. ఇంట్లోనే ఒక చిన్న గదిలో పాటలు రికార్డు చేసుకునే యువకులు నేడు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. వారికి ఎదురయ్యే మొదటి చిక్కు ఏ మానిటరును ఎన్నుకోవాలనేదే. ఈ ప్రశ్న వయస్సు ఇంచుమించు నూరేండ్లు.

1925కు పూర్వం ఈ ప్రశ్నే లేదు. ఆనాటి గాయకుడు ఒక పెద్ద కొమ్ము బూరా ముందు నిలబడి గట్టిగా పాడేవాడు. ఆ గాలి కదలికే సూదిని కదిపి మైనపు పలక మీద గాడిని చెక్కేది. విద్యుత్తు ప్రమేయం లేదు. వింటూ సరిదిద్దే అవకాశమూ లేదు. 1925లో వెస్టరన్ ఎలక్ట్రిక్ సంస్థ రూపొందించిన విద్యుత్ రికార్డింగు పద్ధతిని అమెరికాలోని విక్టర్, కొలంబియా కంపెనీలు స్వీకరించాయి. ధ్వని మైకులో విద్యుత్ ప్రవాహంగా మారి, వర్ధకంలో బలం పుంజుకొని, గాడిగా చెక్కబడటం మొదలైంది. ఆ ప్రవాహంలో కొంత భాగాన్ని ప్రక్క గదిలోకి మళ్ళించి స్పీకరు ద్వారా వినడానికి అప్పుడు వీలు కలిగింది. మానిటరు పుట్టుక ఇదే.

అదే సంవత్సరంలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఒక పరిశోధన వ్యాసం ప్రకటించారు. నేటికీ మన ఇండ్లలోని స్పీకర్లలో అధిక భాగం వారు చూపిన దారిలోనే పనిచేస్తున్నాయి. అయస్కాంత క్షేత్రంలో తీగచుట్టను వేలాడదీసి కదిలించాలనే ఊహ వారిది కాదు. జర్మనీలో ఎర్నెస్ట్ వెర్నర్ సీమెన్స్ 1874లోను, ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ 1898లోను దానికి పేటెంటు పొందారు. కాని బలమైన వర్ధకాలు లేని ఆ రోజుల్లో అది కాగితం మీదనే నిలిచిపోయింది. రైస్, కెల్లాగ్‌లు చేసిన ఘనకార్యం ఆ ఊహ వెనుక ఉన్న లెక్కను తేల్చడం.

ఆ లెక్క హైస్కూలు విద్యార్థికి కొరుకుడుపడనిదేమీ కాదు. చిన్న కాగితపు శంకువు గాలిలో ముందుకు వెనుకకు కదిలినప్పుడు దూరాన ఉన్న శ్రోతకు అందే ధ్వని పీడనం దాని త్వరణాన్ని బట్టి ఉంటుంది. అన్ని స్వరాలూ సమంగా వినిపించాలంటే అన్ని పౌనఃపున్యాల వద్దా త్వరణం ఒక్కటిగానే ఉండాలి. న్యూటన్ రెండవ సూత్రం ప్రకారం బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చేదే త్వరణం. తీగచుట్టలో ప్రవాహం స్థిరంగా ఉంటే బలం స్థిరం. శంకువు ద్రవ్యరాశి ఎట్లాగూ స్థిరమే. ఇక అడ్డు వచ్చేది శంకువును పట్టి ఉంచే అంచుల బిగువు మాత్రమే. ఆ అంచులను వదులుగా ఉంచి, శంకువు సహజ కంపనాన్ని మనకు కావలసిన స్వరాల కన్న క్రిందికి దింపితే ఆ పైన అంతటా ధ్వని సమంగా వస్తుంది. శంకువు వెనుకవైపు ధ్వని ముందుకు తిరిగివచ్చి ముందు ధ్వనిని రద్దు చేయకుండా ఒక పలకో పెట్టెయో అడ్డుపెట్టాలి. ఇంతే. స్పీకరు పెట్టెలో ఉండడానికి మొదటి కారణం అలంకారం కాదు, ఈ అడ్డే.

ఈ సూత్రానికి ఒక హద్దు ఉంది. శబ్దవేగం సెకనుకు 340 మీటర్లనుకుంటే సెకనుకు 50 కంపనాల స్వరానికి తరంగదైర్ఘ్యం ఇంచుమించు 7 మీటర్లు. అదే 10,000 కంపనాలకు 3.4 సెంటీమీటర్లు మాత్రమే. మంద్ర స్వరాలకు చాలినంత గాలిని కదపడానికి పెద్ద శంకువు కావాలి. కాని తరంగదైర్ఘ్యం శంకువు వెడల్పు కన్న చిన్నదైనప్పుడు ధ్వని నలుదిక్కులా వ్యాపించక టార్చిలైటు వెలుగులాగా ఎదురుగా మాత్రమే పోతుంది. అందుచేత మంద్రానికి ఒక పెద్ద స్పీకరు, తారానికి ఒక చిన్న స్పీకరు పెట్టి, వాటి మధ్య స్వరాలను పంచే విద్యుత్ వలయాన్ని అమర్చవలసి వచ్చింది. వీటికే వూఫరు, ట్వీటరు అని పేర్లు.

పంపకం జరిగిన చోట తగవు కూడా ఉంటుంది. మాటలు నేర్చిన సినిమా ఈ తగవును మొదట బయటపెట్టింది. హాలీవుడ్‌లోని మెట్రో గోల్డ్విన్ మేయర్ స్టూడియోలో 1930ల దశకం మధ్యలో నర్తకి ఎలినార్ పవెల్ నృత్యం తెర మీద చూపినప్పుడు ఆమె బూటు అడుగు ఒక్కసారి నేలను తాకితే రెండు చప్పుళ్ళు వినిపించాయని చెబుతారు. మంద్రధ్వని పొడవైన, మడతలు పడిన బూరా గుండా చుట్టి వస్తుండగా తారధ్వని తిన్నగా వచ్చేది. ఒక దారి రెండవదాని కన్న 8 అడుగులు ఎక్కువైతే చాలు, సెకనులో వెయ్యవ వంతులు ఏడు తేడా వస్తుంది. పాటలో ఇది తెలియకపోవచ్చు. కాని అడుగు చప్పుడు వంటి క్షణిక శబ్దం దగ్గర దాచుకోవడం సాధ్యం కాదు. ఆ స్టూడియో శబ్దశాఖ అధిపతి డగ్లస్ షియరర్, ఇంజనీరు జాన్ హిలియర్డ్, స్పీకర్ల తయారీదారు జేమ్స్ లాన్సింగ్ మొదలైన వారు కలిసి రెండు దారులనూ సమం చేసిన కొత్త బూరాను నిర్మించారు. 1936 సంవత్సరానికి అకాడమీ వారి సాంకేతిక బహుమానం దీనికి లభించింది. స్వరాలు సమంగా రావడం ఒక్కటే చాలదు, అవి ఒకే కాలంలో రావాలి అనే పాఠం పరిశ్రమకు ఇక్కడ దొరికింది. ఈ పాఠాన్ని పరిశ్రమ తరువాత చాలాసార్లు మరచిపోయింది.

లాన్సింగ్ ఆ బూరాను కుదించి 1937లో ఐకానిక్ అనే పేరుతో స్టూడియో గదుల్లో ఇమిడే రెండు భాగాల స్పీకరును విడుదల చేశాడు. 1941లో ఆయన కంపెనీ ఆల్టెక్ సంస్థలో కలిసింది. 1940ల దశకం మధ్యలో వెలువడిన ఆల్టెక్ 604 లో 15 అంగుళాల వూఫరు నడిమధ్యన, దాని అయస్కాంతం గుండానే, ట్వీటరు బూరా అమర్చి ఉంటుంది. ధ్వని అంతా ఒకే బిందువు నుండి వచ్చినట్లుండాలనేది దాని ఉద్దేశం. అమెరికా స్టూడియోలు పాతికేండ్లకు పైగా దీన్ని విడిచిపెట్టలేదు. ఇంగ్లండులో టానాయ్ కంపెనీ 1947లో దాదాపు ఇట్టి ఏర్పాటునే తీసుకువచ్చింది. లాన్సింగ్ 1946లో తిరిగి స్వంత కంపెనీ స్థాపించాడు గాని, వ్యాపారం కలిసి రాక అప్పుల్లో చిక్కుకొని 1949లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన పేరులోని మూడు పొడి అక్షరాలతో జె.బి.ఎల్. కంపెనీ తరువాత లోకమంతటా ప్రసిద్ధమైంది.

అమెరికాలో ప్రధానంగా సినిమా స్పీకరును పెంచి పోషిస్తే, ఇంగ్లండులో రేడియో ఆ పని చేసింది. బి.బి.సి. పరిశోధన విభాగం వారి పద్ధతి చెప్పుకోదగినది. యంత్రాలతో కొలిచిన తరువాత కూడా వారు మరొక పరీక్ష పెట్టేవారు. ఒక గదిలో మనిషిని మాట్లాడమని, ఆ మాటను మైకు ద్వారా ప్రక్క గదిలోని స్పీకరులో విని, తలుపు తీసి వెళ్ళి అసలు కంఠంతో పోల్చేవారు. వీణ ఎట్లా మ్రోగాలో అందరికీ తెలియకపోవచ్చు. తోటి ఉద్యోగి గొంతు ఎట్లా ఉంటుందో తెలియనివారెవరు? మానవ కంఠాన్ని మించిన గీటురాయి లేదని వారి నమ్మకం. ఆ విభాగంలోని షార్టర్ అనే శాస్త్రజ్ఞుడు 1940లలోనే మరొక విషయం ఎత్తి చూపాడు. సంకేతం ఆగిన తరువాత శంకువు తక్షణం ఆగదు. గంట కొట్టిన తరువాత కొంతసేపు మ్రోగినట్లు కొన్ని స్వరాల వద్ద సాగుతుంది. ఈ సాగుడు మామూలు కొలతల్లో కనిపించదు, చెవికి మాత్రం రంగు పులిమినట్లు తెలుస్తుంది. కాగితం శంకువు తయారీకి తయారీకి మారుతూ ఉండటం కూడా వారిని బాధించింది. 1960లలో బెక్స్‌ట్రీన్ అనే ప్లాస్టిక్కును, 1970లలో పాలీప్రొపిలీన్‌ను శంకువులకు వాడటం ఆ బాధలో నుంచి పుట్టినదే.

బి.బి.సి. వారి అన్ని స్పీకర్లలోకి ప్రసిద్ధమైనది మాత్రం యాదృచ్ఛికంగా తయారైంది. కొత్త స్టూడియోలు కట్టేముందు వాటి నమూనాలను ఎనిమిదవ వంతు కొలతలో కట్టి, శబ్ద పౌనఃపున్యాలను ఎనిమిది రెట్లు పెంచి పరీక్షించాలని హార్వుడ్ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ ప్రయత్నిస్తున్నారు. బొమ్మ గదికి తగిన బుల్లి స్పీకరు అవసరమైంది. దానికోసం చేసిన పెట్టెను మామూలు కంఠంతో విని చూడగా అది ఊహించనంత నిజాయితీగా ఉంది. బయటి కార్యక్రమాలను ప్రసారం చేసే వ్యాన్లలో పెద్ద మానిటర్లు పట్టవు కనుక దీన్నే అక్కడ వాడాలని నిశ్చయించారు. ఎల్.ఎస్. 3/5 అని దానికి పేరు. ఇంతలో శంకువులను సరఫరా చేసే కెఫ్ కంపెనీ వాటి తయారీలో మార్పులు చేయడంతో ఒకనాటి నమూనాకూ తరువాతి వాటికీ పొంతన కుదరలేదు. 1974లో తిరిగి రూపకల్పన చేయగా వచ్చినదే ఎల్.ఎస్. 3/5ఎ. ఇంచుమించు అయిదు లీటర్ల పెట్టె, పలుచని బర్చి చెక్క. మంద్రస్వరాలు దానిలో దాదాపు లేవు, మృదంగం తొప్పి వైపు గంభీరత దాని తరం కాదు. అయినా మాట వినిపించడంలో దాని ఖచ్చితత్వం చూసి ఇంటి శ్రోతలు కూడా కొన్నారు. తనకు చేతకానిదాన్ని చేయబోకపోవడం దాని గొప్పతనంలో సగం.

ఇక జపాను నుండి వచ్చిన కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1978లో యమహా కంపెనీ ఎన్.ఎస్. 10 అనే స్పీకరును ఇండ్లలో సంగీతం వినేవారి కోసం విడుదల చేసింది. రూపకర్త అకిరా నకమూరా. నల్లని పెట్టెలో 18 సెంటీమీటర్ల తెల్లని వూఫరు, 3.5 సెంటీమీటర్ల ట్వీటరు. ఇంటి శ్రోతలకు అది నచ్చలేదు. మంద్రం తక్కువ, నడిమి స్వరాలు ముందుకు పొడుచుకు వస్తాయి, తారధ్వని గుచ్చుకుంటుంది. మామూలుగా అయితే దాని చరిత్ర అక్కడితో ముగియవలసింది.

కాని ఆ కాలానికి రికార్డింగు ఇంజనీర్లు ఒక స్టూడియోకు కట్టుబడి ఉండక ఊరూరా తిరిగి పనిచేయడం ప్రారంభించారు. ప్రతి స్టూడియో గోడలోనూ బిగించిన పెద్ద మానిటర్లు ఒక్కొక్క తీరుగా పలికేవి. చంకలో పెట్టుకొని పోగల జత ఒకటి ఉంటే, ఎక్కడికి పోయినా చెవికి పరిచయమైన ధ్వని ఉంటుంది. ఈ అవసరానికి ఎన్.ఎస్. 10 అతికినట్లు సరిపోయింది. దాని ట్వీటరు పోటును తగ్గించడానికి కొందరు పలుచని టిష్యూ కాగితాన్ని దాని ముందు అంటించేవారు. ఏ రకం కాగితం, ఎన్ని పొరలు అనేదాని మీద వాదాలు జరిగాయి. 1986లో బాబ్ హోడాస్ అనే ఇంజనీరు రకరకాల కాగితాలను నిజంగానే కొలిచి వ్యాసం వ్రాశాడు. యమహా వారు మరుసటి సంవత్సరం ట్వీటరును శాంతపరచి స్టూడియోల కోసమే మరొక రకాన్ని విడుదల చేయడంతో కాగితం అవసరం తీరింది.

ఇంతకూ ఇంట్లో నచ్చనిది స్టూడియోలో ఎందుకు నచ్చింది? దీని మీద ధ్వనిలో రాణించేది మంచి స్పీకర్లలో ఎట్లాగూ రాణిస్తుందని ఇంజనీర్లు సమాధానం చెప్పేవారు. ఇది సగం నిజమే. మిగతా సగాన్ని 2001లో ఫిలిప్ న్యూవెల్, కీత్ హాలండ్, జూలియస్ న్యూవెల్ అనేవారు ప్రతిధ్వని లేని గదిలో ముప్పైకి పైగా మానిటర్లను కొలిచి బయటపెట్టారు. స్వరాల సమత్వంలో ఎన్.ఎస్. 10 గొప్పది కాదు. కాని సంకేతం ఆగగానే దాని మంద్రధ్వని ఎంత త్వరగా ఆగుతుందో, అంత త్వరగా ఆగేవి ఆ గుంపులో బహు అరుదు. దాని పెట్టె పూర్తిగా మూసినది కావడమే ఇందుకు ముఖ్య కారణం.

ఈ సంగతి కొంచెం వివరంగా చూడాలి. చిన్న పెట్టె నుండి ఎక్కువ మంద్రం రాబట్టడానికి పెట్టెకు ఒక గొట్టపు రంధ్రం పెట్టడం వాడుక. ఖాళీ సీసా మూతి మీద ఊదితే గుమ్మని మ్రోగుతుంది కదా; ఈ రంధ్రం చేసేది అదే. లోపలి గాలి స్ప్రింగులాగా, గొట్టంలోని గాలి బరువులాగా పనిచేసి, శంకువు నీరసించే చోట దానికి సాయపడుతుంది. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లోను, రిచర్డ్ స్మాల్ 1970ల ప్రారంభంలోను దీని గణితాన్ని స్పష్టం చేశారు. అంతకు ముందు చాలావరకు అందాజుగా సాగిన పెట్టెల కొలతలు వీరి తరువాత ముందే లెక్కకట్టుకునే విద్య అయింది. అయితే అనునాదం ఉన్నచోట సాగుడు కూడా ఉంటుంది. మీటిన తీగ మీద నుండి వేలు తీసినా మ్రోగినట్లే, తాళం పడిన తరువాత కూడా సీసాలోని గాలి కొద్దికాలం ఊగుతుంది. మంద్రం లోతుగా వినిపించే మానిటరు తాళాన్ని మసకబారుస్తుంది. తాళాన్ని స్ఫుటంగా చూపే మూసిన పెట్టెలో లోతు ఉండదు. చిన్న పెట్టెలో రెండూ కావాలని కోరడం భౌతిక నియమాలతో బేరమాడటమే.

ఎన్.ఎస్. 10 తయారీని 2001లో ఆపివేశారు. శంకువుకు వాడే కాగితపు గుజ్జు ఇక దొరకకపోవడం కారణమని కంపెనీ ప్రకటించింది. 2008లో యమహాకు ఈ స్పీకరు నిమిత్తం గ్రామీ సాంకేతిక పురస్కారం ఇచ్చారు.

1978లోనే ఫిన్లండులో జెనెలెక్ కంపెనీ ఆ దేశపు రేడియో కోసం ఎస్ 30 అనే మానిటరును తయారు చేసింది. వర్ధకాలను పెట్టెలోనే అమర్చి, స్వరాలను పంచే పనిని వర్ధకాల ముందే జరిపించడం దాని విశేషం. వర్ధకానికీ శంకువుకూ మధ్య బరువైన తీగచుట్టలు లేకపోవడం వల్ల అదుపు బాగా కుదురుతుంది. నేడు ఇంటి స్టూడియోకు అమ్మే మానిటర్లలో అధిక భాగం ఈ తరహావే.

1979లో టియాక్ కంపెనీ నాలుగు వరుసలను మామూలు క్యాసెట్టు మీద రికార్డు చేసే పోర్టాస్టూడియోను తెచ్చింది. 1990ల తరువాత కంప్యూటర్లు వచ్చాయి. స్టూడియో పడకగదిలోకి ప్రవేశించింది. దానితో పాటు, అంతవరకు గోడలు కట్టే వాస్తుశిల్పికి వదిలిన సమస్య ఇంటి కుర్రవాని నెత్తిన పడింది. అదే గది.

ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు, అంటే 2.6 మీటర్లు గల గదిని తీసుకుందాం. రెండు గోడల మధ్య శబ్ద తరంగం అటూ ఇటూ పరావర్తనం చెంది స్థిరతరంగంగా నిలవాలంటే తరంగదైర్ఘ్యంలో సగం గది వెడల్పుకు సరిపోవాలి. 340ని 5.2తో భాగిస్తే 65 కంపనాలు వస్తాయి. ఒకటి శ్రుతిలో తంబురా మంద్ర షడ్జమం ఇంచుమించు ఇదే. ఆ గదిలో ఆ ఒక్క స్వరం గోడల దగ్గర ఉరుముతుంది, గది నడుమ దాదాపు మాయమవుతుంది. ప్రక్క స్వరానికి ఈ గొడవ లేదు. లక్ష రూపాయల మానిటరు పెట్టినా ఇదే జరుగుతుంది. ఇంజనీరు కుర్చీ నడిమధ్యన ఉంటే తంబురా చాలదనుకొని పెంచుతాడు. నేటి ఇంటి రికార్డింగుల్లో మంద్రస్వరాల ఎగుడుదిగుళ్ళకు స్పీకరు కన్న గదే పెద్ద దోషి అనడం అతిశయోక్తి కాదు.

గదిని పూర్తిగా వదిలించుకోలేకపోయినా దాని పలుకుబడిని తగ్గించవచ్చు. దూరం రెట్టింపైతే స్పీకరు నుండి తిన్నగా వచ్చే ధ్వని 6 డెసిబెల్లు తగ్గుతుంది. గోడల నుండి వచ్చేది గదిలో ఎక్కడైనా ఇంచుమించు ఒక్కటే. కనుక మీటరు దూరంలో కూర్చుంటే స్పీకరు పలుకు గది పలుకును మించుతుంది. చిన్న మానిటర్లను బల్ల మీద దగ్గరగా పెట్టి వినే ఆచారానికి శాస్త్రాధారం ఇదే. చిన్న గదికి పెద్ద వూఫరు కొనడం వల్ల గది అనునాదాలకు మరింత మేత దొరకడం తప్ప వేరే ప్రయోజనం ఉండదు.

ఎంత గట్టిగా వినాలనేది మరొక ప్రశ్న. బెల్ ప్రయోగశాలలో హార్వే ఫ్లెచర్, విల్డెన్ మన్సన్ 1933లో కనుగొన్నట్లు, చెవి అన్ని స్వరాలకూ ఒకే తూకం వేయదు. నేటి ప్రమాణాల ప్రకారం 1000 కంపనాల స్వరం 40 డెసిబెల్లు ఉన్నప్పుడు దానితో సమానంగా వినిపించడానికి 50 కంపనాల స్వరానికి సుమారు 77 డెసిబెల్లు కావాలి. అదే 80 డెసిబెల్లకు అయితే సుమారు 100 చాలు. అంతరం 37 నుండి 20 చిల్లరకు పడిపోయింది. రాత్రి ఇంటివారు నిద్రపోతుండగా సన్నగా వింటూ కూర్చిన పాటలో మంద్రం ఎక్కువవుతుంది. పగలు హోరెత్తించి కూర్చినదానిలో తక్కువవుతుంది. మానిటరు ఒక్కటే, గది ఒక్కటే, చెవి ఒక్కటే. ధ్వని మట్టం ఒకటిగా గుర్తుపెట్టుకోనివానికి రెండు పాటలూ రెండు తీర్ల తయారవుతాయి.

కెనడా జాతీయ పరిశోధనా మండలిలో ఫ్లాయిడ్ టూల్ 1980లలో జరిపిన పరీక్షలు మంచి స్పీకరు అంటే ఏమిటో చాలావరకు తేల్చాయి. స్పీకర్లు కనిపించకుండా తెర కట్టి వినిపిస్తే, చెవి దోషం లేని శ్రోతలు ఒకరితో ఒకరు ఆశ్చర్యకరంగా ఏకీభవించారు. వారు మెచ్చినవి యంత్రం కొలతలోనూ సమంగా, నునుపుగా ఉన్నవే. తెర తీసి ధర, పరిమాణం, కంపెనీ పేరు కనబడేటట్లు చేస్తే తీర్పులు మారిపోయాయని తరువాతి పరీక్షల్లో తేలింది. కొట్టుకు వెళ్ళి మానిటరు ఎన్నుకునేవారు ఈ తెరను గుర్తుంచుకోవడం మంచిది. తమకు కంఠస్థమైన పాటనూ, వీలైతే తమ ఇంటివారి మాట రికార్డునూ వెంట తీసుకుపోతే బి.బి.సి. వారి పరీక్షే అక్కడా జరుగుతుంది.

ఈ శతాబ్దంలో మానిటర్లలోకి గణనయంత్రం కూడా ప్రవేశించింది. కుర్చీ దగ్గర ఒక మైకు పెట్టి, గది దోషాలను కొలిచి, ధ్వనిని తదనుగుణంగా దిద్దే మానిటర్లు దొరుకుతున్నాయి. గోడల అనునాదం వల్ల ఉరిమే స్వరాన్ని అవి చక్కగా తగ్గిస్తాయి. మాయమైన స్వరం దగ్గర మాత్రం వాటి తెలివి పనిచేయదు. స్పీకరు వెనుక గోడ 0.85 మీటరు దూరంలో ఉంటే 100 కంపనాల స్వరం గోడకు పోయి తిరిగివచ్చేసరికి సగం తరంగం వెనుకబడి, తిన్నగా పోయేదాన్ని రద్దు చేస్తుంది. ఆ స్వరాన్ని రెట్టింపు చేస్తే గోడ నుండి వచ్చేది కూడా రెట్టింపవుతుంది. తీసివేత ఫలితం ఎప్పటిలాగా సున్నకు దగ్గరే. వర్ధకం వేడెక్కడమే మిగులుతుంది. అక్కడ చేయగలిగినది స్పీకరు బల్లను గోడ దగ్గరకు జరిపి, మళ్ళీ కూర్చొని వినడం.